లివింగ్ విల్ రాసే ముందు తేల్చుకోవలసినవి, రాసేటప్పుడు పాటించవలసినవి

కోలుకునే ఆశ లేని జబ్బులో, తన మాట తాను చెప్పుకోలేని స్థితి వస్తే ఎలాంటి చికిత్స వద్దో లివింగ్ విల్ అనే పత్రంలో ముందే రాసిపెట్టుకునే హక్కు మన దేశంలో 18 ఏళ్లు నిండి, మనసు స్థిమితంగా ఉన్న ప్రతి ఒక్కరికీ ఉంది. గౌరవంగా మరణించడం రాజ్యాంగంలో జీవించే హక్కునిచ్చే 21వ అధికరణం కిందికే వస్తుందని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2018 మార్చి 9న తీర్పు చెప్పింది. అప్పట్లో ఈ పత్రంపై మేజిస్ట్రేటు సంతకం కూడా తప్పనిసరి కావడంతో ఆచరణ కష్టమైంది. 2023 జనవరి 24న ఆ నిబంధనను సడలించారు కనుక ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఉంటే చాలు. కాగితం పని ఒక పూటలో ముగుస్తుంది. దానికి ముందు ఇంట్లో జరగవలసిన సంభాషణకే ఎక్కువ వ్యవధి కావాలి.

ఆ సంభాషణలో మొదట ఎదురయ్యేది, వెంటిలేటర్ వద్దనడం ప్రాణం తీయడం కిందికి రాదా అన్న శంక. దీనిని తేల్చుకోవడానికి రెండు ప్రశ్నలు వేసుకోవాలి: మరణానికి కారణం జబ్బా, మన చేతా? మన ఉద్దేశం బాధ తగ్గించడమా, ప్రాణం పోగొట్టడమా? నయం కాని జబ్బులో గొట్టం తీసేస్తే మనిషిని తీసుకుపోయేది జబ్బే. నొప్పి తగ్గడానికి తగిన మోతాదులో మార్ఫిన్ ఇవ్వడమూ దోషం కాదు, దాని ప్రభావం ఊపిరిపై పడవచ్చని ముందే తెలిసినా సరే. చనిపోవడానికే ఇంజెక్షన్ ఇవ్వడం మాత్రం వేరు. దానిని మన చట్టం నేటికీ ఒప్పుకోదు. ఉద్దేశం ఎంత ఉదాత్తమైనా ఈ గీత చెరగదు. 2004లో హైదరాబాద్‌లో కండరాల క్షీణతతో మృత్యుముఖంలో ఉన్న ఒక యువకుడు, అవయవాలు పాడవకముందే తీసి ఇతరులకు ఇవ్వాలని కోరినప్పుడు, బ్రెయిన్ డెత్ కాకుండా అలా తీయడానికి చట్టం ఒప్పుకోదని హైకోర్టు నిరాకరించింది.

ఇక పెద్దవారిని ఏమడగాలన్నది. "నాన్నా, వెంటిలేటర్ పెట్టమంటారా, వద్దా?" అని అడిగితే "నాకేమవుతుందిరా, ఊరుకో" అనే జవాబే వస్తుంది. దానికి బదులు, ఏ స్థితిలో బతికి ఉన్నా బతుకనిపించదో అడగాలి. కొందరికి మనుషులను గుర్తుపట్టలేకపోవడం, మరికొందరికి ఎప్పటికీ మంచం మీదే ఇతరుల చేత అన్నీ చేయించుకోవడం భరించరానివి. అవన్నీ సమ్మతమే, ప్రాణం ఉంటే చాలనేవారూ ఉంటారు. వారి మాటకూ అంతే విలువ ఇవ్వాలి. లివింగ్ విల్ అంటే చికిత్స వద్దనడమేనన్న అభిప్రాయం నా దృష్టిలో ఈ విషయంలో జరుగుతున్న పెద్ద పొరపాటు.

చెప్పినది రాసేటప్పుడు అస్పష్టత పనికిరాదు, ఎందుకంటే అస్పష్టమైన పత్రాన్ని అమలు చేయనవసరం లేదని కోర్టే చెప్పింది. "అనవసరమైన వైద్యం వద్దు" అని రాస్తే ఏది అనవసరమో అర్ధరాత్రి డ్యూటీ డాక్టరు తేల్చలేరు. ఇలా రాయవచ్చు: "నా జబ్బు నయం కాదని, నేను మళ్లీ స్పృహలోకి వచ్చే ఆశ లేదని వైద్య బోర్డులు నిర్ధారిస్తే, నాకు వెంటిలేటర్, డయాలసిస్ కొనసాగించవద్దు, గుండె ఆగితే తిరిగి కొట్టించే ప్రయత్నం చేయవద్దు. నొప్పి, ఆయాసం తగ్గించే మందులు మాత్రం చివరిదాకా ఇవ్వాలి." ఈ చివరి వాక్యం వదలరాదు. ఖర్చు భరించలేక, వైద్యుల సలహాకు విరుద్ధంగా సంతకం చేసి రోగిని ఇంటికి తెచ్చుకునే కుటుంబాల్లో నొప్పి మందు కూడా అక్కడితో ఆగిపోతుంది. చికిత్స ఆపడం వేరు, మనిషిని వదిలేయడం వేరు.

మీరు చెప్పుకోలేనప్పుడు మీ తరఫున మాట్లాడేవారి పేరు కూడా పత్రంలో రాయాలి. వారిని పెద్దకొడుకన్న కారణంతోనే ఎంచుకోకండి. వెంటనే ఆసుపత్రికి రాగలిగి, బంధువులు నలుగురూ నాలుగు మాటలన్నా మీ మాటపై నిలబడేవారు కావాలి. ఒకరికంటే ఎక్కువమందిని పేర్కొనవచ్చు కనుక, అమెరికాలో ఉన్న కూతురితోపాటు ఊళ్లో ఉన్న తమ్ముడి పేరూ రాయడం మేలు. సాక్షులుగా ఆస్తితో సంబంధం లేనివారిని పెట్టుకోండి. ఆస్తి విల్లులో దీనిని కలపకండి, దానిని తెరిచి చూసేది మనిషి పోయాకే.

అమలు కుటుంబం ఒక్కటే తీసుకునే నిర్ణయం కాదు. చికిత్స చేస్తున్న వైద్యుడు, కనీసం ఐదేళ్ల అనుభవమున్న ఇద్దరు నిపుణులతో ప్రాథమిక బోర్డు ఏర్పడుతుంది. జిల్లా ముఖ్య వైద్యాధికారి నియమించే వైద్యుడితో కూడిన రెండో బోర్డు దాని అభిప్రాయాన్ని పరిశీలిస్తుంది. ఒక్కొక్కటి వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. మీరు పేర్కొన్నవారి సమ్మతి తీసుకుని, మేజిస్ట్రేటుకు తెలియజేశాకే చికిత్స ఆపుతారు. బోర్డు కాదంటే హైకోర్టుకు వెళ్లవచ్చు.

ప్రతులను పేర్కొన్నవారికి, కుటుంబ వైద్యుడికి, స్థానిక పంచాయతీ లేదా పురపాలక సంఘంలో నియమిత అధికారికి ఇవ్వాలి. అసలు పత్రం బ్యాంకు లాకరులో ఉంటే ఆదివారం రాత్రి ఎవరికీ అందదు. మందుల చీటీలు, పాత రిపోర్టులు ఉండే ఫైల్లోనే పెట్టండి. మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. అప్పుడు కొత్తదానిపై తేదీ స్పష్టంగా వేసి, పాత ప్రతులన్నీ వెనక్కి తీసుకోవాలి.