కేక్ కుంగిందా, పావ్ గట్టిపడిందా? ఇంటి బేకింగ్‌లో తప్పు ఎక్కడ వెతకాలి

కేక్ చెడగానే చాలామంది చేసే మొదటి పని రెసిపీ మార్చడం. నిజానికి అది అన్నిటికన్నా ఆఖరున చేయాల్సింది. ఓవెన్ అసలు వేడి ఎంత, కప్పులో మైదా ఎంత పడింది, బేకింగ్ పౌడర్ ఇంకా పనిచేస్తోందా అన్నవి ముందు తేల్చుకోండి. మార్పు కూడా ఒకసారికి ఒకటే చేయండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. ఇక్కడి లెక్కలన్నీ 25 నుంచి 35 లీటర్ల మామూలు ఓటీజీకి, అంటే పైనా కిందా రాడ్లతో వేడెక్కే చిన్న కరెంటు ఓవెన్‌కి. కుక్కర్‌లో చేసేవారి సంగతి విడిగా ఉంది.

ఏం చేసినా పైన మాడుతోంది, లోపల పచ్చి. లేదా ప్రతిదానికీ పావుగంట ఎక్కువ పడుతోంది

తప్పు ఓవెన్‌ది. ఓటీజీ డయల్ మీద 180 అని పెడితే లోపల 155 ఉండొచ్చు, 205 ఉండొచ్చు. లోపల పెట్టే చిన్న ఓవెన్ థర్మామీటర్ కొనుక్కుంటే మంచిది. అది లేకపోతే పంచదారతో చూడొచ్చు. పంచదార సుమారు 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఫాయిల్ మీద ఒక స్పూన్ పంచదార పోసి, 175కి వేడెక్కిన ఓవెన్‌లో 15 నిమిషాలు ఉంచండి. కరగకూడదు. డయల్‌ని 190కి తిప్పి మరో 15 నిమిషాలు ఉంచితే కరగాలి. 175 దగ్గరే కరిగిందంటే మీ ఓవెన్ ఎక్కువ కాలుస్తోంది, డయల్ 15–20 తగ్గించి వాడండి. 190 దగ్గర కూడా పలుకులు అలాగే ఉంటే అంతే పెంచండి.

వేడి ఎటువైపు ఎక్కువో చూడాలంటే ర్యాక్ నిండా బ్రెడ్ ముక్కలు పరిచి 175లో పది నిమిషాలు ఉంచండి. ఏ మూల ముక్క ముందు ఎర్రబడితే ఆ మూల వేడి ఎక్కువ. కేక్ అయితే సగానికి పైగా సమయం గడిచి, మధ్య భాగం నిలబడ్డాకే ట్రే తిప్పాలి.

దీపం వెలిగింది కదా అని వెంటనే టిన్ లోపల పెట్టకండి. డయల్ దీపం ఆరిన తర్వాత ఇంకో ఐదు నిమిషాలు ఆగండి. టిన్ మధ్య ర్యాక్‌లో ఉండాలి. పై రాడ్‌కి దగ్గరైతే పైభాగం ముందే గట్టిపడి, లోపలి పిండి దాన్ని పగలగొట్టుకుని పైకి వస్తుంది. కేక్ మధ్యలో కొండలా లేచి చీలడానికి ఇదే ముఖ్య కారణం, రెండోది చిన్న టిన్. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే రెసిపీలో చెప్పినదానికి 20 డిగ్రీలు తగ్గించాలి. నల్లటి టిన్, గాజు పాత్ర అంచుల్ని త్వరగా ఎర్రబరుస్తాయి కాబట్టి వాటికి 10–15 తగ్గించండి.

సాయంత్రం చేస్తేనే కేక్ సరిగా ఉడకడం లేదంటే వోల్టేజీ చూడండి. 230 వోల్టులకు బదులు 190 వస్తుంటే రాడ్ ఇచ్చే వేడి మూడింట రెండొంతులకు పడిపోతుంది, 1600 వాట్ల ఓటీజీ 1100 వాట్లలా పనిచేస్తుంది. అలాంటి ఊళ్లలో పొద్దున బేక్ చేయడమే మేలు. మధ్యలో కరెంటు పోతే తలుపు తీయకండి. పది నిమిషాల్లో వస్తే ఆ మేరకు సమయం పెంచితే చాలు. అన్నట్టు, 1500 వాట్లు దాటిన ఓటీజీని పెద్ద 16 ఆంపియర్ల ప్లగ్‌లోనే పెట్టాలి, మిక్సీ ప్లగ్‌లో కాదు.

కేక్ మధ్యలో కుంగింది

గుడ్డు లేని పెరుగు కేక్‌ని కొలతగా తీసుకుందాం, ఇళ్లలో ఎక్కువగా చేసేది అదే. మైదా ఒకటిన్నర కప్పు (190 గ్రాములు), పెరుగు 1 కప్పు, పంచదార ముప్పావు కప్పు (150 గ్రాములు), నూనె అర కప్పు, బేకింగ్ పౌడర్ ఒకటింబావు టీస్పూన్, వంటసోడా అర టీస్పూన్. 7 అంగుళాల గుండ్రటి టిన్‌లో, 180 డిగ్రీల్లో 35–40 నిమిషాలు.

కుంగిందని తెలిస్తే సరిపోదు, ఎప్పుడు కుంగిందో గమనించాలి.

ఓవెన్‌లో ఉండగానే బాగా పొంగి, తర్వాత పడిపోయిందా? సోడా గానీ పౌడర్ గానీ ఎక్కువైంది. బుడగలు పిండి గట్టిపడేలోపే పెద్దవై పగిలిపోతాయి. కప్పు మైదాకి బేకింగ్ పౌడర్ 1 నుంచి ఒకటింబావు టీస్పూన్, సోడా పావు టీస్పూన్ నుంచి కొంచెం పైన, అంతే. స్పూన్ మీద గుట్టగా కాదు, చాకుతో గీసి సమంగా కొలవండి. మొదటి 25 నిమిషాల్లో తలుపు తీసినా ఇలాగే జరుగుతుంది.

బయటికి తీశాక మెల్లగా కుంగిందా? ఉడకలేదు. పుల్ల మధ్యలోనే గుచ్చాలి, పక్కన గుచ్చితే ఎప్పుడూ శుభ్రంగానే వస్తుంది. వేలితో నెమ్మదిగా నొక్కితే గుంట వెంటనే పైకి లేవాలి, అంచులు టిన్‌ని కొంచెం వదలాలి. ఈ రెండూ కాకపోతే ఇంకో ఏడెనిమిది నిమిషాలు ఉంచండి. పైన ఎర్రబడిపోయి ఉంటే ఫాయిల్ కప్పండి.

అసలు పొంగనే లేదా? అర కప్పు వేడినీళ్లలో ఒక టీస్పూన్ బేకింగ్ పౌడర్ వేస్తే వెంటనే బుసబుసమని పొంగాలి. వంటసోడాని నిమ్మరసంలో వేసి చూడండి. వానాకాలం మూత వదులైన డబ్బాలోని పౌడర్ తేమ పట్టి పనికిరాకుండా పోతుంది. పౌడర్ బాగున్నా కేక్ లేవలేదంటే, కలిపిన పిండి చాలాసేపు ఆగిపోయి ఉంటుంది. పెరుగు, సోడా కలిసిన క్షణం నుంచే గ్యాస్ పోతూ ఉంటుంది కాబట్టి ఓవెన్ వేడెక్కాకే మైదా కలపడం మొదలుపెట్టండి.

కేక్ గట్టిగా, పొడిగా ఉంది

డబ్బాలో కప్పు ముంచి నొక్కి తీస్తే కప్పు మైదా 150 గ్రాములు తూగుతుంది. జల్లించి స్పూన్‌తో నింపితే 120–125. ఒకటిన్నర కప్పు దగ్గరకొచ్చేసరికి 40 గ్రాముల తేడా. కేక్ గట్టిపడటానికి అది చాలు. రెండు మూడు వందలకు దొరికే వంటింటి కాటా ఏ ఖరీదైన టిన్ కన్నా ఎక్కువ ఉపయోగం.

రెండో కారణం ఎక్కువ కలపడం. మైదా పడ్డాక బీటర్ వాడకండి. గరిటెతో కిందినుంచి పైకి తిప్పుతూ, తెల్లటి పొడి కనబడకపోతే ఆపేయండి. ఒకటి రెండు చిన్న ఉండలు ఉన్నా పరవాలేదు.

మైదాకి బదులు గోధుమపిండి వాడితే అది ఎక్కువ తడి పీలుస్తుంది. కప్పుకి రెండు మూడు టేబుల్ స్పూన్ల పాలు అదనంగా పోయండి. రవ్వ కేక్ పలుకు పలుకుగా వస్తోందంటే పెరుగులో అరగంట నానబెట్టలేదన్నమాట. నానాక గట్టిపడితే పాలతో మళ్లీ గరిటె జారుగా చేసుకోవాలి.

అడుగున జిగురు పొర, సబ్బు వాసన, అడుగుకి దిగిన టూటీ ఫ్రూటీ

జిగురు పొరకి కారణం నూనె సరిగా కలవకపోవడమో, అడుగు ఉడకకపోవడమో. పెరుగు, పంచదార, నూనె చిక్కగా ఒక్కటయ్యేదాకా విస్క్‌తో కొట్టాకే మైదా వేయండి.

సబ్బు వాసన, ముదురు గోధుమ రంగు కనబడితే సోడా మిగిలిపోయింది. తాజా తీపి పెరుగులో పులుపు చాలదు. ఒక రోజు పులిసిన పెరుగు వాడండి, లేదా ఒక టీస్పూన్ నిమ్మరసం కలపండి.

టూటీ ఫ్రూటీకి మైదా పట్టించడం అందరూ చేసేదే. పిండి మరీ పలచగా ఉంటే ఆ చిట్కా పనిచేయదు. సగం పిండిలో కలిపి, మిగతా సగం పైన చల్లండి.

కుక్కర్ కేక్ అడుగు మాడింది

గ్యాస్కెట్, విజిల్ రెండూ తీసేయాలి. నీళ్లు పోయకూడదు. అడుగున కప్పున్నర ఉప్పు పరిచి, దాని మీద స్టాండు పెట్టి, మధ్య మంట మీద పది నిమిషాలు వేడిచేశాక టిన్ దించి మంట సిమ్‌లోకి తేవాలి. 40–50 నిమిషాలు పడుతుంది. స్టాండు లేకుండా ఉప్పు మీదే టిన్ పెడితే అడుగు మాడుతుంది. ఇలా ఖాళీ కుక్కర్‌ని వేడిచేస్తే రంగు మారుతుంది కాబట్టి పాతదొకటి దీనికే కేటాయించండి. నాన్‌స్టిక్ పూత ఉన్నది అసలు వద్దు.

పావ్ పిండి పొంగలేదు, లేదా పొంగి జారిపోయింది

తొమ్మిది పావ్‌లకి: మైదా 300 గ్రాములు, పాలు 200 మి.లీ., ఇన్‌స్టంట్ ఈస్ట్ 1 టీస్పూన్, పంచదార 1 టేబుల్ స్పూన్, ఉప్పు 1 టీస్పూన్, వెన్న 30 గ్రాములు.

పొంగకపోతే ఈస్ట్ చచ్చిపోయింది. పాలు వేలు పెడితే గోరువెచ్చగా, అంటే 38–40 డిగ్రీలు ఉంటే చాలు. చురుక్కుమనే పాలలో ఈస్ట్ బతకదు. అనుమానం ఉంటే కొంచెం గోరువెచ్చటి పాలు, పంచదారలో ఈస్ట్ వేసి పది నిమిషాలు చూడండి. పైన నురగ కట్టకపోతే ఆ ప్యాకెట్ పారేయండి. తెరిచిన ప్యాకెట్‌ని గాలి చొరని సీసాలో ఫ్రీజర్‌లో పెట్టాలి.

మన దగ్గర ఎక్కువగా జరిగేది దీనికి వ్యతిరేకం. రెసిపీలో గంట అని రాసి ఉంటుంది, వంటగదిలో మే నెల 40 డిగ్రీలు ఉంటుంది. అక్కడ అరగంటకే పిండి రెట్టింపై, గంటకి కల్లు వాసన వేస్తుంది. అలా అతిగా పులిసిన పావ్ పైన ముడతలు పడుతుంది, ఓవెన్‌లోకి వెళ్లగానే చప్పబడుతుంది. ఎండాకాలం ఈస్ట్ అర టీస్పూన్‌కి తగ్గించి, ఫ్రిజ్‌లోని చల్లటి పాలతో కలపండి. గడియారం కాకుండా పిండిని చూడండి. ఉండలు చుట్టాక పిండి అద్దిన వేలితో గుచ్చితే గుంట నెమ్మదిగా సగం నిండాలి. వెంటనే నిండితే ఇంకా ఆగాలి. అసలు నిండకపోతే ఆలస్యమైంది. అప్పుడు గాలి తీసేసి మళ్లీ ఉండలు చుట్టి, ఈసారి సగం సమయమే పొంగనివ్వండి. ఇలా ఒక్కసారే సరిచేయగలం.

పావ్ గట్టిగా వచ్చిందంటే ముందుగా చేతికి అంటుతోందని చల్లిన పొడి మైదాని అనుమానించాలి. మొదటి ఐదు నిమిషాలు పిండి అంటుతూనే ఉండాలి. పొడి పిండి చల్లకుండా 10–12 నిమిషాలు చాచి మడుస్తూ పిసకండి, వెన్న ఆఖర్లో కలపండి. చిన్న ముద్దని వేళ్ల మధ్య సాగదీస్తే చిరగకుండా వెలుతురు కనబడేంత పలచగా రావాలి. చిరిగితే ఇంకా పిసకాలి.

60 గ్రాముల ఉండల్ని అర అంగుళం ఎడంగా పెట్టి, 190లో 18–20 నిమిషాలు. తక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచితే ఎండిపోతాయి. తీయగానే వెన్న రాసి పలచటి గుడ్డ కప్పండి, పదినిమిషాల్లో పైపొర మెత్తబడుతుంది.

బిస్కెట్లు పరుచుకుపోయాయి

వెన్న కరిగిపోయింది. 150 గ్రాముల మైదాకి 100 వెన్న, 60 పంచదార పొడి, ఒక టేబుల్ స్పూన్ పాలపొడి, అర టీస్పూన్ ఉప్పు వేస్తే ఉస్మానియా తరహా తీపి-ఉప్పు బిస్కెట్ వస్తుంది. ఒత్తిన బిస్కెట్లని ట్రేతో సహా అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, 160లో 15–18 నిమిషాలు కాల్చండి. ఇంట్లో చిలికిన వెన్నలో మజ్జిగ నీళ్లు ఉంటాయి కాబట్టి దానికి బదులు 80 గ్రాముల పేరుకున్న నెయ్యి వాడటం మేలు. వేడిగా ఉన్నప్పుడు మెత్తగా ఉంటే కంగారుపడి మళ్లీ కాల్చకండి, చల్లారితే గట్టిపడతాయి. వానల్లో మెత్తబడితే 150లో ఐదారు నిమిషాలు ఉంచి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి.

బేక్డ్ మాకరోనీ నీళ్లు వదిలింది, లేదా ముద్దగా ఎండింది

మాకరోనీ 150 గ్రాములు, వెన్న, మైదా రెండేసి టేబుల్ స్పూన్లు, పాలు అర లీటరు, చీజ్ 100 గ్రాములు. నలుగురికి సరిపోతుంది.

నీళ్లు వదిలితే తప్పు కూరగాయలది. కాలీఫ్లవర్, క్యారెట్ ముందే ఉడికించి వడకట్టి, గుడ్డ మీద ఆరబెట్టాలి. పుట్టగొడుగులు, క్యాప్సికం నీరు ఇగిరేదాకా వేయించాలి. ఎండిపోతే సాస్ చిక్కగా ఉండి ఉంటుంది. ఓవెన్‌లో మాకరోనీ ఇంకా పాలు పీలుస్తుంది, అందుకే దాన్ని ప్యాకెట్ మీది సమయానికి రెండు నిమిషాల ముందే దించి, సాస్‌ని దోసెపిండి కన్నా పలచగా ఉంచాలి.

సాస్‌లో పిండి వాసన వస్తే మైదాని వెన్నలో రెండు నిమిషాలు రంగు మారకుండా వేయించలేదు. ఉండలు కడితే పాలు ఒక్కసారిగా పోశారు. స్టవ్ మీంచి దించి, చల్లటి పాలు కొద్దికొద్దిగా కలపండి. అయినా ఉండలు ఉంటే జల్లెడ పట్టడమే. చీజ్ నూనె తేలి రవ్వరవ్వగా మారితే, వేశాక సాస్ మరిగింది. మంట ఆపాకే తురుము వేయాలి. అమూల్ లాంటి ప్రాసెస్డ్ చీజ్ సాస్‌లో సులువుగా కలుస్తుంది, మోజరెల్లా పైన చల్లడానికి బాగుంటుంది. రెండూ సగం సగం వాడితే సరి.

200లో 15–20 నిమిషాలకి పైన ఎర్రబడకపోతే, పై రాడ్ మాత్రమే ఉంచి నాలుగైదు నిమిషాలు దగ్గరే నిలబడి చూడండి.

చుట్టాలు వస్తారని ముందురోజే చేసి పెడితే మధ్యలో చల్లగా మిగిలిపోతుంది. గాజు పాత్రని ఫ్రిజ్‌లోంచి నేరుగా వేడి ఓవెన్‌లో పెడితే పగలొచ్చు. గంట ముందు బయట పెట్టి, పావు కప్పు పాలు పైన చిలకరించి, 180లో ఫాయిల్ కప్పి 20 నిమిషాలు, ఫాయిల్ తీసి మరో 10 నిమిషాలు ఉంచండి. మధ్యలో చాకు గుచ్చి తీసి ముట్టుకుంటే వేడిగా తగలాలి.