ట్రైనింగ్ లేని సపోర్ట్ డాగ్‌ని పిల్లల గ్రూప్ క్లాసుకి తీసుకురావచ్చా? ఎలా తేల్చుకోవాలి?

చెన్నైలో మన తెలుగువాళ్లు ఉండే అపార్ట్‌మెంట్లలో ఆదివారం తెలుగు క్లాసు, సమ్మర్ క్యాంపు, డ్రాయింగ్, డాన్సు అన్నీ క్లబ్‌హౌస్‌లోనే జరుగుతాయి. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వైపు నేను చాలా ఏళ్లుగా ఇలాంటివి నడుపుతున్నాను. మా ఇంట్లో కుక్క లేని రోజు లేదు, పిల్లల మధ్య కూర్చునేలా కుక్కల్ని తయారు చెయ్యడం కూడా బాగా అలవాటు. ఈమధ్య ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతున్నారు, మా బాబుకి యాంగ్జైటీ అండి, మా డాగ్ పక్కనుంటేనే కూర్చుంటాడు, తీసుకురావచ్చా అని. అడిగేవాళ్లు నయం, అడక్కుండా లీష్ పట్టుకుని లోపలికి వచ్చేసేవాళ్లే ఎక్కువ.

నా మాట ముందే చెప్పేస్తాను. ట్రైనింగ్ లేకపోతే వద్దు. ఆ బాబుకి కుక్క అవసరం ఉందనేది నిజమే కావచ్చు, కానీ ఆ కుక్క ఇంకో ఇరవై మంది పిల్లల మధ్య ఉండగలదా అనేది పూర్తిగా వేరే ప్రశ్న. మొదటిదానికి డాక్టర్ జవాబు చెప్తారు, రెండోదానికి కుక్కే చెప్పాలి. ఎలా చెప్పించుకోవాలో వరసగా రాస్తున్నాను.

1. ముందు మీ కుక్క ఏ రకమో ఒప్పుకోండి

సర్వీస్ డాగ్ అంటే ఒక మనిషి వైకల్యానికి సంబంధించి ఒక పని నేర్చుకున్న కుక్క, కళ్లు కనపడనివాళ్లకి దారి చూపించడం లాంటిది. థెరపీ డాగ్ అంటే హ్యాండ్లర్‌తో, అంటే దాన్ని పట్టుకుని నడిపించే మనిషితో పాటు వచ్చి కొత్తవాళ్ల దగ్గర ప్రశాంతంగా ఉండేలా ట్రైన్ చేసి పరీక్ష పెట్టిన కుక్క. ఎమోషనల్ సపోర్ట్ డాగ్ అంటే పక్కన ఉంటే ధైర్యంగా ఉంటుంది, అంతే, దానికి ట్రైనింగ్ ఉండాలని ఎక్కడా లేదు. మన దగ్గరికి వచ్చేవి దాదాపు అన్నీ మూడో రకమే.

ఆన్‌లైన్‌లో దొరికే ఎర్ర వెస్టు, ఐడీ కార్డు, సర్టిఫికెట్ చూసి మాత్రం మోసపోకండి. ఈ పేర్లన్నీ ఎక్కువగా అమెరికా నుంచే వచ్చాయి కదా, అక్కడ వైకల్యం ఉన్నవాళ్ల హక్కుల కోసం ఉన్న ఏడీఏ చట్టంలోనే ఎమోషనల్ సపోర్ట్ కుక్క సర్వీస్ డాగ్ కిందకి రాదు, ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్లకి అక్కడ విలువే లేదు. 2020 డిసెంబర్‌లో అయితే సపోర్ట్ జంతువుల్ని సర్వీస్ యానిమల్స్‌గా చూడక్కర్లేదని ఎయిర్‌లైన్స్‌కి కూడా చెప్పేశారు. అక్కడే చెల్లని కార్డు మెడలో వేసుకుని మన క్లబ్‌హౌస్‌కి వస్తే ఏం లాభం చెప్పండి. వెస్టు చూసిన పిల్లలు ఇది మంచి కుక్క అనుకుని నేరుగా మీద పడతారు, అది ఇంకా ప్రమాదం.

అలాగని అపార్ట్‌మెంట్‌లో కుక్కే ఉండకూడదని నేను అనట్లేదు, పెంచుకోవద్దనే హక్కు అసోసియేషన్‌కి లేదని యానిమల్ వెల్ఫేర్ బోర్డు గైడ్‌లైన్సే ఉన్నాయి. ఇంట్లో పెంచుకోవడం మీ హక్కు. పిల్లల క్లాసులో కూర్చోబెట్టడం హక్కు కాదు, అందరూ ఒప్పుకుంటే జరిగే పని.

2. సామాన్లు, కాగితాలు

నాలుగైదు అడుగుల మామూలు లీష్ చాలు. లాగితే సాగే రీలు లీష్ వద్దే వద్దు. ఒక కాటన్ చాప గానీ పాత బొంత గానీ, నీళ్ల గిన్నె, టిష్యూలు, సంచులు. యాంటీ రేబీస్ బూస్టర్ డేట్ దాటకుండా ఉన్న కార్డు, డీవార్మింగ్ ఎంట్రీ, కార్పొరేషన్ లైసెన్సు. ఏడాది నిండని కుక్కని అసలు అనుకోవద్దు. క్లాసుకి ముందు రోజు చెవుల్లో, కాలివేళ్ల మధ్యలో గోమార్లు ఉన్నాయేమో చూడండి, గోళ్లు కట్ చెయ్యండి. అంతే.

3. మిగతా పేరెంట్స్‌ని అడగండి

గ్రూపులో పబ్లిక్‌గా అడగొద్దు, అక్కడ ఎవరూ వద్దని చెప్పరు, మొహమాటం. ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెట్టండి, ఆస్తమా ఉందా, కుక్క బొచ్చు పడదా, కుక్కంటే భయమా అని. ఒక్కరు వద్దన్నా వద్దనే. 2024 మేలో థౌజండ్ లైట్స్ దగ్గర కార్పొరేషన్ పార్కులో రెండు రాట్‌వైలర్లు ఐదేళ్ల పాపని ఘోరంగా కరిచిన సంగతి ఈ ఊళ్లో ఏ తల్లీ మర్చిపోలేదు. ఆ భయాన్ని చాదస్తం అని కొట్టిపారెయ్యకండి.

4. చాప పరీక్ష, అందరూ పాడుచేసేది ఇక్కడే

మిగతావన్నీ ఎవరైనా చేస్తారు. ఇది మాత్రం ఓపిగ్గా చదవండి.

కుక్క తన చాప మీద పడుకుని, చుట్టూ పిల్లలు ఏం చేస్తున్నా అరగంట సేపు లేవకుండా, బిగుసుకుపోకుండా ఉండాలి. ఇదే పరీక్ష. సిట్ అంటే కూర్చుంటుంది, షేక్‌హ్యాండ్ ఇస్తుంది అంటారు, అవి బిస్కెట్ కోసం చేసే పనులు. అమెరికన్ కెనెల్ క్లబ్ 1989లో మొదలుపెట్టిన కెనైన్ గుడ్ సిటిజెన్ పరీక్షలో పది అంశాలుంటాయి, జనం మధ్య నడవడం, కొత్తవాళ్లు ముట్టుకుంటే ఊరుకోవడం, ఓనర్ కనపడకుండా మూడు నిమిషాలు ఉండటం లాంటివి. అది పెద్దవాళ్ల మధ్య పెట్టే పరీక్ష. పిల్లల మధ్యకి అది కూడా చాలదు, ఎందుకంటే పిల్లలు నడవరు, పరిగెడతారు.

ముందు ఇంట్లో మొదలుపెట్టండి. ఎప్పుడూ అదే చాప, అదే మాట. ఇంట్లో అమ్మ తెలుగులో, పనమ్మాయి తమిళంలో, పిల్లలు ఇంగ్లీషులో తలో రకంగా చెప్తే కుక్కకి ఏదీ ఎక్కదు, ఒకటే పెట్టుకోండి. ఐదు నిమిషాలు, పది, అలా అరగంట దాకా పెంచండి. ఆ తర్వాత సాయంత్రం కింద పిల్లలు సైకిళ్లు తొక్కుతూ క్రికెట్ ఆడుతున్నప్పుడు బాగా దూరంగా చాప వేసి కూర్చోండి. అక్కడ ప్రశాంతంగా ఉంటేనే ఇంకొంచెం దగ్గరికి. దీనికి వారాలు పడుతుంది, కొన్ని కుక్కలకి నెలలు. వచ్చే ఆదివారానికి రెడీ చేసేస్తామండి అనేవాళ్లకి నేను అక్కడే వద్దని చెప్పేస్తాను. మే నెలలో మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవద్దు, కుక్కకి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పి చల్లబడాల్సిందే, చెన్నై ఉక్కలో ఏది వేడి రొప్పో ఏది భయం రొప్పో మీకు తెలియదు.

కొంతమంది ట్రైనర్లు పిల్లల మధ్యలో వదిలెయ్యండి, అదే అలవాటు పడుతుంది అంటారు. అలవాటు పడదండి. తప్పించుకునే దారి లేక కదలకుండా ఉండిపోతుంది, చూసేవాళ్లు భలే సైలెంట్‌గా ఉందే అనుకుంటారు. చోక్ చైన్ వేసి గుంజేవాళ్ల సంగతి ఇంకా ఘోరం, పిల్లలు కనపడ్డప్పుడల్లా మెడ నొక్కుకుపోతుందని కుక్క నేర్చుకుంటుంది. దూరం నుంచి మెల్లగా దగ్గరికి రావడం ఒక్కటే నేను చూసినంతలో నిలబడే పద్ధతి.

ఆ తర్వాత గదిలో, తెలిసిన ఇద్దరు పిల్లలతో. స్టీలు గ్లాసు కింద పడెయ్యండి, కుర్చీ ఈడ్చండి, బెలూన్ పగలగొట్టండి, పిల్లల చేత ఒక పద్యం గట్టిగా చెప్పించండి. మా క్లాసులో చివరి లైనుకి వచ్చేసరికి అందరూ గొంతు కలిపి గోడలు అదిరేలా చెప్తారు, సరిగ్గా అక్కడే చాలా కుక్కల చెవులు వెనక్కి వాలిపోతాయి.

మీరు చూడాల్సింది తోక కాదు, మొహం. తోక ఊపినంత మాత్రాన సంతోషం అని కాదు, ఒళ్లు బిగించి తోక నిటారుగా పెట్టి ఊపుతుంటే అది హెచ్చరిక. తినడానికి ఏమీ లేకుండానే పెదాలు నాకడం, నిద్ర టైం కాకపోయినా ఆవులించడం, తల పక్కకి తిప్పేసుకుని కంటి కొస నుంచి తెల్లగుడ్డు కనపడేలా చూడటం, అప్పటిదాకా తెరిచి ఉన్న నోరు టక్కున మూసెయ్యడం, ఇవన్నీ నాకు ఇక్కడ బాగాలేదు అని చెప్పడమే. అన్నింటికన్నా గుర్తుంచుకోవాల్సింది ఒక్కసారిగా కదలకుండా బొమ్మలా అయిపోవడం. దాని తర్వాత రెప్పపాటులో కరుస్తుంది. వీటిలో ఒకటి కనపడగానే లీష్ లాగకుండా మెల్లగా లేపి బయటికి తీసుకెళ్లిపోవాలి, ఆ రోజుకి అంతే.

గుర్రుమంటే తిట్టొద్దు, కొట్టొద్దు. గుర్రుమనడం అంటే కరవకుండా చెప్పడం. తిడితే ఈసారి గుర్రుమనడం మానేసి నేరుగా కరుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. సపోర్ట్ డాగ్‌కీ మామూలు పెంపుడు కుక్కకీ ఒక తేడా ఉంది, ఇది ఒకే పిల్లాడికి అతుక్కుపోయి ఉంటుంది. ఆ బాబు ఏడిస్తే లేచి వెళ్లి వాడికీ మిగతా పిల్లలకీ మధ్యలో నిలబడుతుంది. చూడండి మా వాడికి ఎంత కాపలా కాస్తోందో అని అమ్మానాన్న మురిసిపోతారు, వీడియో తీస్తారు. నాకు మాత్రం అది చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. తన గిన్నె దగ్గరికి ఎవర్నీ రానివ్వని కుక్కలాగే ఇది తన పిల్లాడి దగ్గరికి ఎవర్నీ రానివ్వట్లేదు. ఏడుస్తున్న బాబుని ఓదార్చడానికి టీచర్ వంగితే టీచర్ మీదికి వస్తుంది, పెన్సిల్ అడగడానికి పక్క పాప చెయ్యి చాపితే పాప మీదికి వస్తుంది. పైగా ఆ పాప మొహం, కుక్క నోరు ఒకే ఎత్తులో ఉంటాయి. చిన్నపిల్లలకి కుక్క కాట్లు మొహం మీద, మెడ మీద ఎక్కువగా పడేది అందుకే.

కాబట్టి ఆ పరీక్ష కూడా పెట్టాలి. బాబుని ఒక మూల కూర్చోబెట్టి, కుక్కని చాప మీద ఉంచి, బాబుకి బాగా తెలిసిన ఒక పెద్దమనిషిని వాడి దగ్గరికి పంపండి. పిల్లల్ని పంపొద్దు. లీష్ ఇంకో పెద్దవాళ్ల చేతిలో గట్టిగా ఉండాలి. కుక్క చాప మీదే ఉండి మామూలుగా చూస్తే సరే. లేచి మధ్యలోకి వచ్చినా, ఒళ్లు బిగించినా, ఆ కుక్క క్లాసుకి రాదు. ఇందులో బతిమాలడాలు లేవు.

ముట్టుకోవడానికి మూడు సెకన్ల లెక్క పెట్టుకోండి. పిల్లలు భుజం మీద గానీ ఛాతీ మీద గానీ మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసెయ్యాలి. కుక్క మళ్లీ దగ్గరికి జరిగితే ఇంకోసారి, పక్కకి తిరిగితే అయిపోయింది. తల మీద తట్టడం, మెడ చుట్టూ చేతులేసి కౌగిలించుకోవడం వద్దు. పిల్లలకి కౌగిలింత ప్రేమ, చాలా కుక్కలకి అది ఇరుకు.

5. క్లాసు రోజు

వాకింగ్ అయ్యాక, తలుపు పక్కనే చాప. ఇంకో వైపు పిల్లలు. లీష్ పెద్దవాళ్ల చేతిలోనే, ఆ పెద్దాయనో పెద్దావిడో ఫోన్ చూడకూడదు, బాబుని చూసుకునే పని కూడా వాళ్లకి ఉండకూడదు. అమ్మ ఒక్కతే వచ్చి బాబునీ కుక్కనీ ఇద్దర్నీ చూసుకుంటానంటే కుదరదు, బాబు ఏడ్చిన క్షణంలో లీష్ వదిలేస్తుంది, ఏ అమ్మయినా అంతే. మొదటి రోజు ఇరవై నిమిషాలు. స్నాక్స్ టైంకి ముందే కుక్క ఇంటికి వెళ్లిపోవాలి, పిల్లల చేతిలో మురుకులున్నప్పుడు ఏ ట్రైనింగూ పనిచెయ్యదు.

6. కుదరదని తేలితే బాబు సంగతి

వద్దని చెప్పి ఊరుకోవడం నాకు నచ్చదు, ఆ పిల్లాడు కూడా మన క్లాసు పిల్లాడే. 1999లో సాల్ట్ లేక్ సిటీలో మొదలైన రీడ్ అనే ప్రోగ్రామ్‌లో ట్రైనింగ్ అయిన కుక్క పక్కన కూర్చుని పిల్లలు పుస్తకం చదివి వినిపిస్తారు, పక్కనే హ్యాండ్లర్ ఉంటారు. అందులోంచి నేను తీసుకున్నది ఇది: క్లాసుకి పావుగంట ముందు బాబు వాళ్ల ఇంట్లోనే, తన కుక్క పక్కన కూర్చుని ఆ రోజు పాఠం చదువుకుని వస్తాడు. కుక్క పడుకునే దుప్పటి ముక్క ఒకటి బ్యాగులో పెట్టుకుంటాడు. క్లాసులో తలుపు పక్క సీటు వాడిదే, ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి బయటికి వెళ్లొచ్చు, ఎవరూ ఎందుకని అడగరు. చాలామంది పిల్లలకి ఇది సరిపోతుంది. సరిపోనివాళ్లకి క్లాసు అయ్యాక విడిగా చెప్తాను.

7. పన్ను తగిలితే

చిన్న గీత అయినా సరే, రక్తం రాకపోయినా సరే, కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. గడియారం చూసి కడగండి, పదిహేను నిమిషాలంటే మీరు అనుకున్నదానికన్నా ఎక్కువ. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి ఏదీ పెట్టొద్దు, కట్టు కట్టొద్దు. వెంటనే హాస్పిటల్‌కి, గవర్నమెంట్ హాస్పిటల్లోనూ వ్యాక్సిన్ ఉంటుంది. మా కుక్కకి ఇంజెక్షన్లు అన్నీ అయ్యాయి అని ఓనర్ చెప్పినా వెళ్లాల్సిందే, అవసరమా కాదా డాక్టర్ చెప్తారు. చర్మానికి వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకి, కండకి వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 14, 28 రోజులకి వేస్తారు. చర్మం చీలి రక్తం వస్తే ఇమ్యునోగ్లోబులిన్ (వ్యాక్సిన్ పనిచేసేలోపు రేబీస్‌ని అడ్డుకునే మందు) కూడా గాయంలో వెయ్యాలి, అది ఉందా అని మీరే అడగండి. రేబీస్ లక్షణాలు ఒకసారి మొదలైతే బతకడం దాదాపు అసాధ్యం, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

విషయం దాచొద్దు. నిర్లక్ష్యంగా జంతువుని వదిలేస్తే భారతీయ న్యాయ సంహిత 291 కింద ఆరు నెలల దాకా జైలు, 5000 దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కరిచిన కుక్కని పది రోజులు ఇంట్లోనే కట్టి ఉంచి కనిపెట్టుకుని ఉండాలి, ఊరు పంపెయ్యడం, షెల్టర్‌లో వదిలెయ్యడం చెయ్యకూడదు. ఆ పది రోజులు కుక్క బాగానే ఉంది కదా అని డాక్టర్‌ని అడక్కుండా పిల్లాడి తర్వాతి డోసు మానెయ్యకండి.