టిఫిన్ అంటే సద్దన్నం కాదు: కొత్తగా ఊళ్ళకొచ్చే ఏఎన్ఎంలకు

మా పుట్టిల్లు కందుకూరు పక్కన. 1970 దాకా అది నెల్లూరు జిల్లా, ఆ తర్వాత ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరులో కలిపారు. జిల్లా ఎన్నిసార్లు మారినా మా అమ్మ 'యాడికి పోతుండావే' అనడం మాత్రం మారలా. ఏఎన్ఎంగా, అంటే ఇంటింటికీ తిరిగే ఊరి నర్సమ్మగా, నేను తిరిగిందంతా నెల్లూరు దగ్గర కోవూరు చుట్టుపక్కల ఊళ్ళల్లోనే. కొత్త పిల్లలు నా దగ్గరకొచ్చి, 'ఎంత చెప్పినా వినరు మేడం' అని వాపోతుంటారు. వాళ్ళు వింటారమ్మా. మనం చెప్పింది వాళ్ళకి ఇంకోలా వినపడుతుంది, అంతే.

నా తప్పుతోనే మొదలుపెడతాను. ఒకామెకి బీపీ మాత్రలిచ్చి, 'పొద్దున టిఫిన్ తిన్నాక ఒకటి వేసుకో' అని చెప్పొచ్చాను. నెల తర్వాత పోతే మాత్రలు ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయి. నాకు టెన్షన్, ఆమెకి ఏమీ లేదు. 'టిఫిన్ నేనెప్పుడు తిన్నానమ్మా? సద్దన్నం తిని నాట్లకి పోతుండా గదా' అంది. టిఫిన్ అంటే ఆమెకి హోటల్ దోశె. అది తినలా కాబట్టి మాత్ర వేసుకోలా. ఆమె లెక్కలో తప్పేం లేదు.

అందుకని మాత్ర చేతిలో పెట్టకముందే ఆమె రోజు ఎట్టా గడుస్తుందో అడగండి. ఎన్నింటికి లేస్తుంది, ఏం తింటుంది, పనికి ఎప్పుడు పోతుంది, మాపటికి ఎప్పుడొస్తుంది. ఆమె నోట్లోంచి వచ్చిన మాటకే మాత్రని ముడేయండి: 'సద్దన్నం తిన్నాక ఇది, మాపు అన్నం తిన్నాక ఇది'. తర్వాత 'అర్థమైందా?' అని మాత్రం అడక్కండి. అందరూ తలూపుతారు. 'నేను మీ కోడల్ననుకో, నాకు చెప్పు ఎట్టా వేసుకోవాలో' అనండి. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే బయటపడుతుంది.

రెండోది కూరగాయల సంగతి. హైదరాబాదులో చదువుకొచ్చిన ఒక పిల్ల, షుగరున్న అవ్వకి 'గడ్డలు మానెయ్' అని చెప్పింది. ఆ పిల్ల మనసులో ఉన్నవి ఆలుగడ్డ, కందగడ్డ. మన దగ్గర ఉల్లిపాయ ఎర్రగడ్డ, వెల్లుల్లి తెల్లగడ్డ, బంగాళాదుంప ఉర్లగడ్డ. అవ్వ మూడూ మానేసింది. నెల రోజులు ఎర్రగడ్డ లేని చేపల పులుసు తిన్నదంట పాపం! నెల్లూరు మనిషికి ఇంతకన్నా శిక్ష ఉంటుందా? కాబట్టి గుంపుపేరు వద్దు. ఏది తగ్గించాలో దాని పేరే చెప్పండి. వంటింట్లో ఉంటే చేత్తో పట్టుకుని చూపించండి, ఇంకా మంచిది.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఎడమ పేజీలో మన రిజిస్టరు మాట, కుడి పేజీలో ఊళ్ళో మాట. విరేచనాలకి బేదులు, జలుబుకి పడిశం, గర్భిణికి 'నీళ్ళోసుకుంది', 'ఒట్టిమనిషి కాదు'. ఒంగోలులో పుట్టిన భాషా శాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఇట్టాగే ఊరూరా సేద్యం మాటలు పోగుచేయించి 1962లో పదకోశం తెచ్చారు. మనకి పది పేజీలు చాలు.

అయితే ఊరి మాట నేర్చుకోమన్నానని ఊరి యాస పెట్టబోకండి. కాకినాడ పిల్ల వచ్చి 'ఏంది అబ్బయ్యా' అని సాగదీస్తే వెక్కిరించినట్టుంటుంది. మీ యాసలో మీరు మాట్లాడండి, మాట మాత్రం వాళ్ళది వాడండి.

ఊరి మాటలన్నీ ఎత్తుకోవాల్సినవీ కావు. 'గొడ్రాలు' ఊరి మాటే, నేను అనను. ముందు 'ఇంకా బిడ్డల్లేరు' అనేదాన్ని. ఆ 'ఇంకా' కూడా పోటేనని ఒకామె ముఖం చూశాక తెలిసింది. ఇప్పుడు 'బిడ్డల్లేరు' అంతే. అట్టాగే మన ఆఫీసు మాటల్లోనూ వదిలెయ్యాల్సినవి ఉన్నాయి. 'ఆ డెలివరీ కేసు వచ్చిందా?' అని వరండాలో అరుస్తాం. కేసుకి పేరుండదు, ఊరుండదు, భయం ఉండదు. పేరుతో పిలవండి. పెద్దామె అయితే పెద్దమ్మ, పిన్నమ్మ అనండి.

ఆటలమ్మ పోస్తే అమ్మవారంటారు. దాన్ని ఖండించబోతే తలుపేస్తారు. 'అమ్మవారు చల్లబడాలంటే బిడ్డకి నీళ్ళు బాగా తాపండి, గోళ్ళు కత్తిరించండి, గీరుకోకుండా' అంటే చేస్తారు. జొరం ఎక్కువైనా, మనిషి మత్తుగా పడి ఉన్నా వెంటనే ఆస్పత్రికి తీసుకురమ్మని కూడా అప్పుడే చెప్పండి.

ఇక కాన్పు గది బయట. ఇది నేర్చుకోడానికి నాకు చానా ఏళ్ళు పట్టింది. మగబిడ్డ పుడితే 'మగపిల్లోడు!' అని గట్టిగా చెప్పేదాన్ని. ఆడబిడ్డయితే గొంతు తగ్గించి 'మహాలక్ష్మి పుట్టిందమ్మా' అనేదాన్ని. మంచి మాటే అనుకున్నా. కానీ కొడుకు పుడితే 'విష్ణుమూర్తి పుట్టాడు' అని ఎవరన్నా అంటారా? మహాలక్ష్మి ఓదార్పు మాట. నేను ఓదార్చానంటే అక్కడ దుఃఖం ఉందని నేనే ఒప్పుకున్నట్టు.

కాబట్టి వరస మార్చాను. 'తల్లీబిడ్డా బాగుండారు. బిడ్డ మూడు కిలోలు. గంట లోపల పాలు పట్టించాలి, ఎవరన్నా లోపలికి రండి. ఆడపిల్ల' అంటాను, అంతా ఒకే గొంతుతో. నాయనమ్మ మొహం ముడుచుకునే లోపే, 'చాక్లెట్లు ఎవరు తెస్తున్నారు?' అని అడుగుతాను.