బెంగళూరు ఇంట్లో బూజు, పాఠం 3: ఆ తడి ఎటువైపు నుంచి వస్తోంది

పోయిన పాఠంలో రెండు హైగ్రోమీటర్లు (గాలిలో తేమ ఎంతుందో చూపించే మీటర్లు) తెచ్చి ఒకటి బెడ్‌రూమ్‌లో, ఒకటి కబోర్డ్ లోపల పెట్టి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి రీడింగ్ రాసుకోమన్నాను కదా, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. రాయనివాళ్ళు కూడా చదవండి, పర్లేదు, కానీ సగంలో ఆగి మళ్ళీ ఆ పనికే వెళ్ళాల్సొస్తుంది.

ముందు ఆ మీటర్లు నిజం చెప్తున్నాయో లేదో చూద్దాం. మూడొందలకీ నాలుగొందలకీ వచ్చే డిజిటల్ మీటర్ ఐదారు పాయింట్లు అటూ ఇటూ చూపించడం మామూలే. వాటర్ బాటిల్ మూతలో మామూలు వంట ఉప్పు పోసి, కొన్ని చుక్కల నీళ్ళు వేసి తడి ఇసుకలా చేయండి. ఉప్పు కరిగిపోయేంత నీళ్ళు వద్దు, ముద్దగా ఉండాలి. ఆ మూతని, మీటర్‌ని ఒకే జిప్ కవర్‌లో పెట్టి గట్టిగా మూసి రాత్రంతా కదపకుండా వదిలేయండి. తడి ఉప్పు చుట్టూ మూసి ఉన్న గాలిలో తేమ 75 శాతం దగ్గర ఆగిపోతుంది, అది ఎవరింట్లో చేసినా అంతే. తెల్లారి మీ మీటర్ 70 చూపిస్తే ఇకమీదట దాని రీడింగ్‌కి ఎప్పుడూ 5 కలుపుకోవాలి, 79 చూపిస్తే 4 తీసేయాలి. మీటర్ వెనక స్టిక్కర్ అంటించి దానిమీద రాసేయండి, లేకపోతే నెల తర్వాత కలపాలా తీయాలా అని ఇంట్లో పెద్ద చర్చ అవుతుంది.

ఇప్పుడు కాగితం తీయండి. రూమ్‌లో తేమ 60 లోపు ఉంటే బూజుకి కష్టం, 50 లోపు ఉంటే ఇంకా మంచిది. బెంగళూరులో జులై నుంచి అక్టోబర్ దాకా 60 లోపు ఉంచడం చాలా ఇళ్ళలో కుదరదు, అది నాకూ తెలుసు. కానీ మనం చూడాల్సింది రూమ్ రీడింగ్ కాదు, రూమ్‌కీ కబోర్డ్‌కీ మధ్య తేడా. బూజుకి గది మధ్యలో గాలి ఎలా ఉందో అనవసరం, అది కూర్చున్న గోడ ఎంత తడిగా ఉందన్నదే దానికి లెక్క, గోడ పైన తేమ 80 దాటి కొన్ని రోజులు అలాగే ఉంటే మొలుస్తుంది. రూమ్‌లో గాలి 25 డిగ్రీలు, తేమ 70 శాతం అనుకోండి. అదే గాలి కబోర్డ్ వెనక చల్లగా ఉన్న బయటి గోడకి తగిలి 20 డిగ్రీలకి దిగితే దాని తేమ దాదాపు 95 అవుతుంది, ఒక్క చుక్క నీళ్ళు కొత్తగా చేరకుండానే. అందుకే హాల్ గోడ తెల్లగా మెరుస్తుంటే కబోర్డ్ లోపల అట్టడుగున పెట్టిన లెదర్ బెల్టు మీద మాత్రం తెల్లటి బూజు. అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చి మారతహళ్ళిలోనో కె.ఆర్.పురంలోనో దిగినవాళ్ళకి మొదటి వానాకాలం ఇది పెద్ద షాక్, ఊళ్ళో బీరువాలో పదేళ్ళు మడత విప్పని పట్టుచీర కూడా బాగానే ఉంటుంది మరి.

సరే, అసలు పాఠం. గోడ తడవడానికి దారులు నాలుగే: ఇంట్లో గాలిలోని తేమ గోడ మీద చేరడం, వాన నీళ్ళు బయటి నుంచి ఇంకడం, పైపో పై ఇంటి బాత్రూమో కారడం, నేలలోంచి తడి పైకి ఎక్కడం. ఏ దారో తేలకుండా స్ప్రే బాటిల్ కొనకండి. ఈ ఒక్క మాట కోసమే ఈ పాఠం రాస్తున్నాను, ఎందుకంటే నాలుగింటికీ మందు వేరు, పొరపాటు మందుకి పెట్టిన డబ్బు వచ్చే సెప్టెంబర్ వానకి గోడ మీద పొక్కులై తిరిగి కనిపిస్తుంది.

తేల్చడానికి ఒక ప్లాస్టిక్ కవర్ చాలు. అడుగు పొడవు అడుగు వెడల్పు పారదర్శకంగా ఉన్న షీట్ కత్తిరించి, అనుమానం ఉన్న గోడ మీద పొడిగా ఉన్న చోట నాలుగు అంచులూ గాలి దూరకుండా టేప్ వేసి అంటించండి, ఒకటి రెండు రోజులు వదిలేయండి. షీట్ మీద మీ వైపు తడి కనిపిస్తే తేమ గదిలోది. షీట్ వెనక, అంటే గోడ వైపు చెమటలు పడితే తడి గోడలోంచి వస్తోంది. వానలు పడుతున్న వారంలోనే చేయండి, ఎండ కాసే వారంలో చేసి "ఏం లేదు" అనుకుంటే ఉపయోగం లేదు. టేప్ పెయింట్‌ని ఊడదీస్తుందేమో అని భయపడే అద్దె ఇళ్ళవాళ్ళు పెయింటర్లు వాడే మాస్కింగ్ టేప్ వాడుకోండి.

తడి గోడలోంచి అని తేలితే ఇంకొంచెం డిటెక్టివ్ పని ఉంది. మచ్చ నేల దగ్గర మొదలై రెండు మూడు అడుగుల ఎత్తులో ఒక గీతలాగా ఆగిపోయిందా, గ్రౌండ్ ఫ్లోరా, అయితే నేల తడి. వాన పడ్డ రోజు ముదిరి, నాలుగు రోజులు ఎండ కాస్తే తగ్గుతుందా, అయితే బయటి గోడకి పగులు ఉంది, లేదా సన్‌షేడ్ మీద నీళ్ళు నిలుస్తున్నాయి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గాలి పడమర నుంచి కొడుతుంది కాబట్టి ముందు పడమటి గోడ చూడండి. వానతో సంబంధం లేకుండా ఏడాది పొడుగునా ఒకేలా ఉంటే పైపు, లేకపోతే పై బాత్రూమ్. పైపు అనుమానమైతే రాత్రి అన్ని ట్యాపులూ కట్టేసి వాటర్ మీటర్ ఫొటో తీసుకోండి, పొద్దున ఎవరూ లేవకముందు ఇంకోసారి చూడండి, అంకె కదిలితే ఎక్కడో కారుతున్నట్టే. ఇంటికి విడిగా వాటర్ మీటర్ లేకపోతే మోటార్ ఆఫ్ చేసి ట్యాంక్ లోపల నీళ్ళ మట్టం దగ్గర గీత పెట్టుకోండి. పై బాత్రూమ్ అనుమానమైతే పైవాళ్ళని బతిమాలి నహానీ ట్రాప్‌లో (బాత్రూమ్ నేల మీద నీళ్ళు బయటికి పోయే రంధ్రం) గుడ్డ కుక్కి నేల మీద అంగుళం నీళ్ళు ఒక రోజు నిలబెట్టమనాలి. ఇక్కడే కథ ఆగిపోతుంది సాధారణంగా, ఎందుకంటే పైవాళ్ళు "మా బాత్రూమ్‌లో ఏం లీక్ లేదండి" అంటారు. వాళ్ళకి ఎలా తెలుస్తుంది, కారేది మన నెత్తి మీద కదా. అసోసియేషన్ ఉంటే వాళ్ళ ద్వారా అడిగించండి.

ఇంకొక్కటి. గోడ మీద తెల్లగా దూదిలా పొంగినదంతా బూజు కాదు. చౌడు కూడా అలాగే ఉంటుంది, ఇటుకలోని, సిమెంటులోని ఉప్పులు నీళ్ళతో బయటికొచ్చి ఎండిపోతే మిగిలేది అదే. దానిమీద కొంచెం నీళ్ళు చల్లండి, కరిగి కనిపించకుండా పోతే చౌడు, తడిసి అలాగే ఉంటే బూజు. చౌడుకి బ్లీచ్ కొట్టినా ఏం లాభం లేదు, కానీ అది ఉందంటే గోడ లోపల నీళ్ళు నడుస్తున్నాయని ఉచితంగా రిపోర్ట్ వచ్చినట్టు. ఇక నల్ల మచ్చ ఫొటో పంపి "ఇది ఆ డేంజరస్ బ్లాక్ మోల్డేనా" అని అడిగేవాళ్ళకి: రంగు చూసి ఎవరూ చెప్పలేరు, నల్లగా ఉండే రకాలు బోలెడు, ల్యాబ్‌కి పంపాల్సిన పని కూడా లేదు. ఏ రకమైనా చేసేది ఒకటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇంట్లో తడి, బూజు గురించి విడిగా మార్గదర్శకాలు తెచ్చింది, అందులో కూడా ఇంత బూజు దాకా పర్లేదు అనే హద్దు పెట్టలేదు, తడి లేకుండా చూడమంది.

ఓనర్‌తో మాట్లాడే విషయం. ఫోన్ చేసి "అంకుల్, గోడ బూజు పట్టింది" అంటే వచ్చే జవాబు "కిటికీ తీసి పెట్టండమ్మా" అనే, ఎందుకంటే గాలిలో తేమ అయితే అది మన అలవాటు, గోడలోంచి అయితే ఆయన ఖర్చు. కాబట్టి షీట్ వెనక చెమట పట్టిన ఫొటో, తేదీతో సహా వాట్సాప్‌లో పంపి అప్పుడు మాట్లాడండి. ఆ ఫొటోలు దాచుకోండి కూడా, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌లోంచి పెయింటింగ్ అని పట్టుకునే ఊరు ఇది. ఆయన పెయింటర్‌ని పంపి లోపలి వైపు డ్యాంప్‌ప్రూఫ్ పెయింట్ వేయిస్తానంటే గట్టిగా వద్దనండి. నీళ్ళు గోడ వెనక నుంచి వస్తుంటే లోపల వేసిన పొరని అవే తోసేస్తాయి, ఒక వానాకాలంలో పెచ్చులు ఊడతాయి. పగులు బయట పూడ్చాలి, గోడ పూర్తిగా ఆరనివ్వాలి, ఆ తర్వాతే పుట్టీ, పెయింటు.

ఇప్పుడు తుడిచే పని. మూడడుగులు ఇంటూ మూడడుగులు, అంటే దాదాపు 10 చదరపు అడుగుల లోపు ఉంటే మనమే చేసుకోవచ్చు, అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెప్పే కొలత కూడా అదే. అంతకన్నా ఎక్కువైతే మనిషిని పిలవండి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళు, చంటిపిల్లలు, కీమో తీసుకుంటున్నవాళ్ళు ఉంటే ఆ పూట వాళ్ళు ఆ గదిలో కాదు, వీలైతే ఇంట్లోనే ఉండకూడదు. ఎన్95 మాస్కు, గ్లవ్స్, కళ్ళకి ఏదైనా అడ్డం. గది తలుపు మూసి, కిటికీ తెరిచి, ఫ్యాన్ మాత్రం ఆపేయండి. దీన్ని అందరూ మర్చిపోతారు, ఫ్యాన్ తిరుగుతుంటే పొడి బూజు ఇల్లంతా పంచిపెట్టినట్టే. పొడి చీపురుతో, పొడి బ్రష్‌తో అస్సలు గీకొద్దు. ముందు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్ళు స్ప్రే చేసి తడపండి, తర్వాత గుడ్డతో ఒకే దిశలో తుడవండి, ఆ గుడ్డని మళ్ళీ బకెట్‌లో ముంచకుండా కవర్‌లో పడేసి కొత్త ముక్క తీసుకోండి. పాత బనీన్లు ఇలాంటప్పుడే పనికొస్తాయి. చచ్చిన బూజు కూడా తుమ్ములు తెప్పిస్తుంది కాబట్టి చంపడం కన్నా తీసేయడం ముఖ్యం, అందుకే నేను సబ్బుకే ఓటేస్తాను.

బ్లీచ్ టైల్స్‌కీ, టైల్స్ మధ్య సందుల్లో నింపే గ్రౌట్‌కీ బాగా పనిచేస్తుంది, రిన్ ఆలా లాంటి లిక్విడ్ బ్లీచ్ లీటరు నీళ్ళకి 60 ఎంఎల్ మించకుండా కలిపి పూసి, పది నిమిషాలు ఆగి కడిగేయండి. సున్నం గోడ, ప్లైవుడ్ లాంటి పీల్చే వాటికి దాంతో పెద్ద ఉపయోగం లేదు, పైన రంగు పోతుంది, నీళ్ళు లోపలికి ఇంకుతాయి, మళ్ళీ మొదటికే. ఇంకో సంగతి, దీన్ని పెద్ద అక్షరాలతో ఫ్రిజ్ మీద అంటించినా తప్పులేదు: బ్లీచ్‌లో హార్పిక్ లాంటి యాసిడ్ క్లీనర్ గానీ వెనిగర్ గానీ కలిపితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, కిటికీ లేని బాత్రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఒకటి వాడి బాగా కడిగి, ఇంకోటి ఇంకో రోజు వాడండి. అమ్మోనియా ఉన్న వాటితో కూడా వద్దు.

కబోర్డ్ వెనక ప్లై సంగతి వేరే. ముందు వైపు మైకా అతికించి వెనక పచ్చి ప్లై వదిలేస్తారు కార్పెంటర్లు, గోడకి ఆనుకుని ఉండేది అదే. పైపైన బూజైతే సబ్బు గుడ్డ బాగా పిండి తుడిచి, తలుపులు బార్లా తీసి, ఇప్పుడు ఫ్యాన్ పెట్టి రెండు రోజులు ఆరబెట్టండి. వేలితో నొక్కితే మెత్తగా ఉంటే, పొరలు విడిపోతుంటే ఆ ముక్క మార్చాల్సిందే. నానిపోయిన జిప్సమ్ ఫాల్స్ సీలింగ్ కూడా అంతే, దానిమీదున్న కాగితమే బూజుకి భోజనం. దూది పరుపు లోపలిదాకా తడిసి బూజు పట్టితే దాని మీద ఆశ వదులుకోండి. ఏదైనా తడిసిన ఒకటి రెండు రోజుల్లోపు పూర్తిగా ఆరితే మాత్రం మామూలుగా బూజు రాదు, అందుకని వానలో కిటికీ తీసి ఉండి పరుపు తడిస్తే ఆదివారం దాకా ఆగకండి.

నాఫ్తలిన్ గోళీలు, కర్పూరం గురించి చాలామంది అడిగారు. పురుగులకి అవి సరే, బూజు ఆగదు, ముక్కిన వాసనని కప్పేస్తాయి అంతే. ఆ వాసన మనకి కావాలి, అదే కదా మొదట చెప్పేది. తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ ప్యాకెట్లు పనిచేస్తాయి, కానీ మూసిన చిన్న అరలో మాత్రమే, నీళ్ళు నిండగానే మార్చాలి, ఆ నీళ్ళు చీర మీద ఒలికితే మరక పడొచ్చు.

షీట్ మీద మీ వైపు తడి వచ్చినవాళ్ళకి, అంటే గాలిలోని తేమే కారణం అయినవాళ్ళకి, మార్చాల్సినవి కొన్నే. అన్నిటికన్నా పెద్దది లోపల బట్టలు ఆరేయడం. వాషింగ్ మెషిన్ ఒక ట్రిప్పు బట్టల్లో రెండు లీటర్ల దాకా నీళ్ళుంటాయి, అవి ఆరాయంటే ఆ రెండు లీటర్లూ మీ గదిలోకే వచ్చాయి. బాల్కనీ లేకపోతే ఒకే గదిలో ఆరేసి, తలుపు మూసి, కిటికీ తెరిచి ఫ్యాన్ వేయండి, ఆ గది బెడ్‌రూమ్ కాకుండా చూసుకోండి. బాత్రూమ్ ఎగ్జాస్ట్ స్నానం అయ్యాక కూడా ఓ 20 నిమిషాలు తిరగాలి, తలుపు కింద సందు లేకపోతే అది ఊరికే శబ్దం చేస్తుంది, గాలి లాగదు. కదిలే బీరువా అయితే బయటి గోడ నుంచి మూడు అంగుళాలు ముందుకి జరపండి. బిగించిన కబోర్డ్ అయితే బట్టలు వెనక్కంటా కుక్కకుండా అరచేయి పట్టేంత ఖాళీ వదలండి, ఓనర్ ఒప్పుకుంటే తలుపుకి పైనా కిందా చిన్న జాలీలు పెట్టించుకోండి. కిటికీలు తెల్లవారుజామున కాదు, మధ్యాహ్నం 12 నుంచి 4 మధ్య తీయండి, వాన లేని రోజు బయటి తేమ అన్నిటికన్నా తక్కువ ఉండేది అప్పుడే, నమ్మకపోతే మీటర్‌ని బాల్కనీలో పెట్టి చూడండి.

హోంవర్క్: ప్లాస్టిక్ షీట్ ఈ వారమే అంటించండి, రెండు వైపులా ఫొటో తీయండి. రెండు వైపులా తడి వచ్చినవాళ్ళు కంగారుపడకండి, గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్ళలో అది చాలా మామూలు, వాళ్ళు ముందు గోడ సంగతి తేల్చుకోవాలి, గాలి సంగతి తర్వాత. పాఠం 4 బాత్రూమ్ గ్రౌట్ మీద, పాత గ్రౌట్ గీకి ఎపాక్సీ గ్రౌట్ పెట్టడం మనమే ఎలా చేసుకోవాలో చూద్దాం, ఒక గ్రౌట్ స్క్రేపర్, రెండు జతల గ్లవ్స్ తెచ్చిపెట్టుకోండి, ఎపాక్సీ మాత్రం ఇప్పుడే కొనొద్దు, ఎంత కావాలో లెక్క వేశాక కొందాం.