పిల్లల అబద్ధాలు – 4వ పాఠం: "నిజం చెబితే ఏమీ అనను"

తప్పు ఎవరు చేశారో మీకు ముందే తెలిసినప్పుడు "ఎవరు చేశారు?" అని అడగొద్దని పోయిన పాఠంలో చెప్పాను. చాలామంది అడగడం మానేశారు. కానీ దాని బదులు "నిజం చెప్పు, ఏమీ అనను" అని మొదలుపెట్టారు. పాప ఒప్పుకోగానే "ఎన్నిసార్లు చెప్పాలి నీకు!" అని క్లాసు పీకారు. సాయంత్రం నాన్న రాగానే మళ్లీ పంచాయతీ. అందుకే ఈసారి వేరే పాఠం మొదలుపెట్టడం లేదు.

మూడు, నాలుగేళ్లకు అబద్ధమాడటం మామూలే, అందులోకి మళ్లీ వెళ్లను. నా బాధంతా ఈ మాట తప్పడం గురించే. ఏమీ అననంటే ఏమీ అనకూడదు. మెల్లగా తిట్టినా తిట్టే. అన్నం పెడుతూ దెప్పినా, అత్తయ్యకు ఫోన్‌లో చెప్పి నవ్వినా, వారం తర్వాత "ఆ రోజు కూడా ఇలాగే చేశావు" అని ఎత్తిపొడిచినా మాట తప్పినట్టే. నిజం చెబితే తిట్లు ఖాయం, దాస్తే తప్పించుకోవచ్చు అని పిల్లలు లెక్క వేసుకుంటారు.

పశ్చిమ ఆఫ్రికాలోని రెండు బడుల్లో, ఒకటి తప్పు చేస్తే కొట్టేది, ఇంకొకటి కొట్టనిది, 3, 4 ఏళ్ల పిల్లల్ని పరీక్షించి విక్టోరియా తల్వార్, కాంగ్ లీ అనే పరిశోధకులు 2011లో ఫలితాలు ప్రచురించారు. బొమ్మను తొంగి చూడొద్దని చెప్పి పెద్దవాళ్లు బయటికి వెళ్తే, రెండు బడుల్లోనూ చాలామంది చూశారు. కొట్టే బడిలోని పిల్లలు మాత్రం ఎక్కువగా అబద్ధమాడారు, దాన్ని దొరక్కుండా నిలబెట్టుకున్నారు కూడా. 2014లో కాంగ్ లీ బృందం పిల్లలకు కథలు చెప్పి చూసింది. మన 'నాన్నా పులి' లాంటి తోడేలు కథతో అబద్ధాలు తగ్గలేదు. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ చిన్నప్పుడు చెర్రీ చెట్టు నరికానని ఒప్పుకుంటే తండ్రి మెచ్చుకునే కథ పనిచేసింది. ముగింపులో మెచ్చుకోలు తీసేసి చెడు ఫలితం పెట్టి చెబితే అదీ పనిచేయలేదు.

కాబట్టి నిలబెట్టుకోగలిగినంతే మాట ఇవ్వండి. బడి నుంచి ఎవరిదో పెన్సిల్ తెచ్చాడా? "ఇది మనది కాదు. రేపు ఇచ్చేద్దాం, నేనూ వస్తాను. తిట్టను." గోడ మీద గీతలా? "తడిగుడ్డ తీసుకురా, తుడుద్దాం." అంతే. నిజం చెప్పినందుకు చాక్లెట్ ఇవ్వడం నాకు నచ్చదు, "చెప్పావు, మంచి పని చేశావు" అంటే చాలు.

అభ్యాసం: ఈ వారం పిల్లలు ఒప్పుకున్న ఏ తప్పునూ వాళ్ల ముందు ఎవరితోనూ ఎత్తకండి. అమ్మమ్మకూ, నాన్నకూ ముందే చెప్పి ఒప్పించండి. ఫోన్ వస్తే "నాన్న ఇంట్లో లేరని చెప్పు" అని పిల్లల చేత చెప్పించడం కూడా ఆపండి.