ఎలక్ట్రానిక్ దస్త్రాన్ని ముగించే రోజున చేయవలసిన పనులు

కాగితపు దస్త్రాన్ని కట్ట కట్టి రికార్డు గదిలో పెట్టి మరిచిపోయినా, చెదలూ చెమ్మా తగలకపోతే అది 40 ఏళ్ల తర్వాత కూడా చదవడానికి దొరుకుతుంది. ఎలక్ట్రానిక్ దస్త్రానికి ఆ వెసులుబాటు లేదు. పట్టించుకునే వారు లేకపోతే డిస్కు చెడిపోతుంది, సాఫ్ట్‌వేర్ మారిపోతుంది, పాస్‌వర్డ్ తెలిసిన ఉద్యోగి బదిలీ అయిపోతారు. అందుకే అది ఎంతకాలం, ఏ రూపంలో ఉండాలో ముగించే రోజునే తేల్చాలి. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో రికార్డుల బాధ్యత కొత్తగా చేపట్టిన వారి కోసం ఇది రాస్తున్నాను.

ముందుగా మీకు ఏ చట్టం వర్తిస్తుందో చూసుకోండి. 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం, దాని కింద 1997లో వచ్చిన నియమాలు కేంద్ర మంత్రిత్వ శాఖలకు, కేంద్రపాలిత ప్రాంతాలకు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు వర్తిస్తాయి. మన రెండు రాష్ట్రాల కార్యాలయాలు మాత్రం, ముగించిన దస్త్రం మీద వేసే గుర్తుల్లో ఆర్.డిస్. అంటే శాశ్వతం, డి.డిస్. అంటే 10 ఏళ్లు అని నేర్పిన పాత మాన్యువల్ పద్ధతినే అనుసరిస్తూ వచ్చాయి. కేంద్ర చట్టం ఇచ్చిన నిర్వచనంలో కాగితంతో పాటు కంప్యూటర్ ద్వారా తయారైన సామగ్రి కూడా స్పష్టంగా ఉంది. కాబట్టి ఒక నిర్ణయానికి ఆధారమైన ఈమెయిల్ మీ ఇన్‌బాక్సులో ఉన్నా అది ప్రభుత్వ రికార్డే. దాన్ని సంబంధిత దస్త్రంలోకి చేర్చిన తర్వాతే ఆ దస్త్రాన్ని ముగించాలి.

తర్వాత వర్గీకరణ. కేంద్ర సచివాలయ పద్ధతిలో కాగితపు దస్త్రాలకు ‘ఎ’, ‘బి’ వర్గాలు శాశ్వతంగా ఉంచవలసినవి, ‘సి’ వర్గం 10 ఏళ్లకు మించకుండా నిర్ణీత కాలం ఉంచవలసినది; ఎలక్ట్రానిక్ దస్త్రాలకు ఒకటో వర్గం శాశ్వతం, రెండో వర్గం 10 ఏళ్లు. సందేహం వచ్చిన ప్రతిదాన్నీ శాశ్వతం అని రాసేయడం జాగ్రత్తగా కనిపించవచ్చు గానీ, నిజంగా విలువైన దస్త్రం ఆ గుట్టలోనే కలిసిపోయి కనబడకుండా పోతుందని నా అభిప్రాయం.

ఇక అసలు కష్టమంతా రూపం దగ్గరే ఉంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 7వ సెక్షన్ మూడు షరతులు పెట్టింది: రికార్డు తర్వాతి కాలంలో చూడడానికి వీలుగా ఉండాలి, పుట్టిన రూపంలో గానీ దాన్ని కచ్చితంగా చూపగల రూపంలో గానీ ఉండాలి, ఎక్కడి నుంచి ఎక్కడికి ఏ తేదీన ఏ సమయంలో వెళ్లిందో తెలియాలి. తెలుగు దస్త్రాలకు మొదటి షరతే గండం. అన్ని కంప్యూటర్లలో అక్షరాలను ఒకేలా చూపే యూనికోడ్ పద్ధతి రాకముందు నాటి ఫాంట్లలో టైపు చేసిన ఉత్తర్వును ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే, ‘తహశీల్దారు’ అన్న మాట ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. అలాంటి ఫైళ్లను ఆ ఫాంటు ఇంకా పనిచేస్తున్న యంత్రం మీదే పీడీఎఫ్-ఏ రూపంలోకి మార్చండి. ఆ ప్రమాణం ప్రకారం ఫాంటు దస్త్రంలోనే ఇమిడి ఉంటుంది. మూల ఫైలును కూడా పక్కనే ఉంచండి.

కాగితాలను స్కాన్ చేసేటప్పుడు రంగులోనే చేయండి. నేను చూసిన ఒక కార్యాలయంలో త్వరగా అయిపోతుందని నోట్ ఫైళ్లన్నీ నలుపు తెలుపులో స్కాన్ చేసి సీడీల్లో పెట్టారు, కాగితాలను తీసేశారు. కొన్నేళ్లకు ఒక భూసేకరణ వివాదంలో ఆ సీడీ తెరిస్తే, అధికారి మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసిన అభ్యంతరం ఉండవలసిన చోట తెల్లటి ఖాళీ కనిపించింది. ఆ గీతలోనే ఒక రైతు వాదన ఉందని తెలిసిన మాకు ఆ రోజు చాలా బాధ కలిగింది. స్కాన్ చేసినంత మాత్రాన మూలప్రతిని నాశనం చేసే అధికారం రాదు. కాగితానికి విడిగా సమీక్ష జరగాలి.

ముగించిన ప్రతి ఫైలుకు హ్యాష్ విలువ, అంటే ఫైలులోని సమాచారం నుంచి కంప్యూటర్ లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంకేతం, తీసి రిజిస్టరులో నమోదు చేయండి. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో అక్షరాలూ అంకెలూ కలిపి 64 వస్తాయి. ఫైలులో ఒక్క కామా మారినా ఆ వరుస మారిపోతుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద కోర్టుకు ఇచ్చే ధ్రువపత్రంలో ఈ విలువను చూపాలి. ముగించిన నాడే నమోదై ఉంటే, ఫైలు అప్పటి నుంచి మారలేదని అదే చెబుతుంది.

గడువు తీరిందని ఎవరూ సొంతంగా డిలీట్ చేయకూడదు. సమీక్ష జరిగి, రికార్డ్స్ ఆఫీసర్ ద్వారా నియమాల ప్రకారం వెళ్లాలి. 25 ఏళ్లు దాటిన వాటిని నేషనల్ ఆర్కైవ్స్‌తో సంప్రదించి మదింపు చేయాలి. 1892కు ముందు పుట్టిన రికార్డును, ఇక ఏ ఉపయోగానికీ పనికిరానంతగా పాడైందని ఆర్కైవ్స్ అధిపతి భావిస్తే తప్ప, నాశనం చేయరాదు. ఉల్లంఘనకు 5 ఏళ్ల వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు. అనుమతి వచ్చాక సర్వరుతో పాటు బ్యాకప్ ప్రతుల్లోనూ తొలగించి, ఆ జాబితాను భద్రపరచండి.

ఏటా ఒకసారి, ముగించిన దస్త్రాల్లోంచి ఏవైనా 10 తీసి, వాటిని తయారు చేసిన యంత్రం కాకుండా వేరే యంత్రంలో తెరిచి, చివరి పేజీ దాకా చదివి, హ్యాష్ విలువను రిజిస్టరుతో సరిచూడండి. తెరుచుకోని ఫైలు కనబడితే అదే రోజు బ్యాకప్ నుంచి పునరుద్ధరించి, తేదీ వేసి సంతకం చేయండి.