పెట్రోల్ బంకు కొంటున్నారా, లీజుకు తీసుకుంటున్నారా? ముందు భూమి కింద చూడండి

బంకు బేరానికి రాగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న: రోజుకు ఎన్ని లీటర్లు పోతుంది? అది తర్వాత అడగొచ్చు. అమ్మకం తక్కువుంటే పెంచుకునే దారులుంటాయి. మట్టిలోకి, భూగర్భ జలంలోకి దిగిన పెట్రోలును శుభ్రం చేయించాల్సి వస్తే మాత్రం ఆ ఖర్చు ఒక్కోసారి స్థలం ఖరీదును మించిపోతుంది.

ఏమేం చేతులు మారుతున్నాయో ముందుగా కాగితం మీద పెట్టించండి. స్థలం ఒకరిది, ట్యాంకులూ పంపులూ ఆయిల్ కంపెనీవి, డీలర్‌షిప్ మరొకరి పేరున ఉండటం మామూలే. స్థలం కొన్నంత మాత్రాన డీలర్‌షిప్ రాదు. దానికి కంపెనీ రాతపూర్వక అంగీకారం కావాలి. అందుకని కంపెనీ అనుమతి, లైసెన్సుల బదిలీ, మట్టి పరీక్ష ఫలితం, ఈ మూడింటిలో ఏది తేడా వచ్చినా అడ్వాన్సు మొత్తం వాపసు ఇవ్వాలన్న షరతు అగ్రిమెంటులో ఉండాలి.

మట్టి పరీక్ష రెండు దశల్లో జరుగుతుంది. మొదటిది కాగితాల పని: పాత ట్యాంకులు ఎక్కడుండేవి, తవ్వి తీశారా, అక్కడే పూడ్చి వదిలేశారా, గతంలో లీకు నమోదైందా, పక్క స్థలంలో ఏ వ్యాపారం ఉండేది. రెండో దశలో బోర్లు వేసి మట్టి, నీళ్ల నమూనాలు తీస్తారు. ట్యాంకుల గుంత చుట్టూ, పంపుల పక్కన, పైపులు వెళ్లే దారి వెంట, ట్యాంకర్ నుంచి దించుకునే మూతి దగ్గర నమూనాలు తీయించండి. భూగర్భ జలం ఎటు పారుతుందో ఆ వైపున ఒక బోరు తప్పనిసరి. ల్యాబులో పెట్రోలులో ఉండే రసాయనాలైన బెంజీన్, టొల్యూన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్ చూడమనాలి. కాగితాలు శుభ్రంగా కనిపించాయని రెండో దశ మానేయొద్దు. చిన్న లీకులు రికార్డుల్లోకి ఎక్కవు.

ఇప్పుడున్న ట్యాంకును భూమిలో ఎప్పుడు పెట్టారు, ఒంటి గోడదా, జంట గోడలదా అడగండి. పూత, తుప్పు రక్షణ లేని ఒంటి గోడ ఉక్కు ట్యాంకు ఉంటే దాన్ని మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించాల్సిందే. ట్యాంకు కారుతోందా అని చూసే బిగుతు పరీక్ష గంటకు 0.38 లీటర్ల లీకునైనా పట్టగలిగేదై ఉండాలి. వినడానికి ఎంత చిన్నదో! ఏడాదికి అదే 3,300 లీటర్లు దాటుతుంది. ట్యాంకు గట్టిదైనా పైపుల అతుకులూ పంపు కింది కనెక్షన్లూ కారుతుండొచ్చు. కాబట్టి ప్రతి పంపు కింది మూత తెరిపించి, గుంతలో తడి, వాసన ఉన్నాయేమో మీరే చూడండి.

ట్యాంకులో నీళ్లు చేరాయేమో డిప్ రాడ్ (ట్యాంకులో మట్టం కొలిచే కడ్డీ) చివర నీటిని పట్టే పేస్టు రాసి చూస్తారు. నీళ్లు తగిలినంత మేర రంగు మారుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలుతో జాగ్రత్త. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలులో నీళ్లు అర శాతం దగ్గరకు చేరితే ఇథనాల్ నీళ్లను పట్టుకుని అడుగున వేరే పొరగా దిగిపోతుంది. మామూలు పేస్టుకు ఆ పొర సరిగా చిక్కకపోవచ్చు, ఇథనాల్‌కు పనికొచ్చే పేస్టు వాడాలి.

ఇక లెక్కలు. అమ్మేవారి లాభనష్టాల పట్టీ ఒక్కటే చాలదు. కనీసం ఏడాది ట్యాంకర్ ఇన్వాయిస్‌లు, పంపుల టోటలైజర్ (మొదటి నుంచి పోసిన మొత్తం లీటర్లు చూపే మీటరు) రీడింగులు, రోజువారీ డిప్ రిజిస్టరు పక్కపక్కన పెట్టండి. ఉదయం ఉన్న సరుకుకు వచ్చిన లోడు కలిపి, అమ్మింది తీసేస్తే సాయంత్రం డిప్‌తో సరిపోవాలి. అచ్చంగా సరిపోదు. 10,000 లీటర్ల పెట్రోలు 10 డిగ్రీలు చల్లబడితే సుమారు 95 లీటర్లు తగ్గుతుంది. ఒకరోజు హెచ్చు, ఒకరోజు తగ్గు అయితే వేడి వల్లనో, కొలతలో పొరపాటు వల్లనో అనుకోవచ్చు. నెల తర్వాత నెల తరుగే వస్తుంటే లీకో, లోడు తక్కువ రావడమో, దొంగతనమో, నాజిల్ ఎక్కువ పోయడమో జరుగుతోంది. ఎప్పుడూ మిగులే చూపిస్తుంటే సంతోషించకండి: నాజిళ్లు తక్కువ పోస్తున్నాయేమో, ట్యాంకులోకి నీళ్లు వస్తున్నాయేమో చూడాలి. ముద్ర వేసిన కొలపాత్రతో ప్రతి నాజిల్‌నూ మీ ఎదుటే పరీక్షించమనండి.

పెట్టుబడి లెక్కలో అరువును మరవొద్దు. రోజుకు 6,000 లీటర్లు పోయే బంకులో మూడో వంతు 15 రోజుల అరువు మీద పోతే, 30,000 లీటర్ల డబ్బు ఎప్పుడూ బయటే ఉంటుంది. లోడుకు మాత్రం కంపెనీకి ముందే కట్టాల్సి రావచ్చు.

లీజు అయితే పరీక్ష ఫలితాలను లీజు దస్తావేజుకే జత చేయించండి. మీరు అడుగుపెట్టక ముందున్న కాలుష్యం యజమానిదని, తర్వాతది మీదని తేల్చే ఆధారం అదే. అది లేకపోతే పదేళ్ల నాటి మరక కూడా మీ నెత్తికే వస్తుంది. ట్యాంకు పాడైతే ఎవరు మార్చాలి, లీజు ముగిశాక ఎవరు తవ్వి తీయాలి, రోడ్డు వెడల్పులో స్థలం పోతే పరిహారం ఎవరికి, అద్దె ఆగుతుందా అన్నవి స్పష్టంగా రాయించాలి. లీజు గడువు మీ బ్యాంకు అప్పు గడువు కంటే, సరఫరా ఒప్పందం గడువు కంటే ముందు ముగియకూడదు. సరఫరా ఒప్పందంలో కనీస కొనుగోలు షరతుంటే, గత మూడేళ్లలో అతి తక్కువ అమ్మకంతో పోల్చి చూడండి, సగటుతో కాదు.

బంకు ముందున్న రోడ్డు మీద డివైడర్ ప్రతిపాదన ఉందేమో రోడ్ల శాఖలో అడగండి. అడ్డంగా డివైడర్ పడితే అవతలి వైపు బండ్లు రావు.

స్వాధీనం రోజున అమ్మకాలు ఆపించి, ప్రతి నాజిల్ టోటలైజర్ రీడింగు, ప్రతి ట్యాంకు డిప్, నీటి మట్టం, ఉష్ణోగ్రత రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. సరుకు డబ్బు ఆ కొలత మీదే కట్టాలి. కాలుష్య నష్టానికి కూడా వర్తించే బీమా అదే గంట నుంచి మీ పేరున మొదలవ్వాలి.